తూటా తగిలితే గ్యాస్ బండ పేలుతుందా?

2020 జనవరి 9 ఉదయం సూరత్ జిల్లా ఓల్పాడ్ ప్రాంతంలో వంటగ్యాస్ సిలిండర్లతో వెళ్తున్న ట్రక్కు ప్రమాదానికి గురై అంటుకుంది. కాసేపటికి బండలు ఒకదాని వెనుక ఒకటి పేలడం మొదలైంది. ఆ దారినే వస్తున్న స్కూలు బస్సుకూ మంటలు పాకాయి. అందులో ఉన్న దాదాపు పాతిక మంది పిల్లల్ని సకాలంలో దింపేయడంతో పెద్ద ఘోరం తప్పింది. ఆ మంటల వీడియోలు ఆ రోజంతా టీవీల్లో తిరిగాయి. అవి చూసిన చాలామందికి సినిమా క్లైమాక్స్ గుర్తొచ్చి ఉంటుంది.

నాకు మాత్రం ఆ ఘటనలో ఒక క్రమం ముఖ్యమనిపించింది. ముందు ప్రమాదం, తర్వాత మంట, ఆ తర్వాతే పేలుళ్లు. అన్ని బండలూ ఒక్కసారిగా పేలలేదు. వేడి ఏ బండను ఎప్పుడు లొంగదీసుకుంటే అప్పుడు అది పోయింది. గ్యాస్ సిలిండర్ గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం ఈ క్రమంలోనే ఉంది. మన సినిమాలు దాన్ని తలకిందులు చేసి చూపించాయి. హీరో తుపాకీ ఎత్తుతాడు, ఒక్క తూటా బండకు తగులుతుంది, మరుక్షణం ఇల్లంతా నిప్పుల ముద్ద. హాలీవుడ్ కూడా తక్కువేం తినలేదు. 1975లో వచ్చిన ‘జాస్’ చివర్లో సొరచేప నోట్లో ఇరుక్కున్న గాలి సిలిండర్‌ను రైఫిల్‌తో కొడితే ఆ చేప తునాతునకలవుతుంది. ‘మిత్‌బస్టర్స్’ అనే అమెరికన్ టీవీ కార్యక్రమం వాళ్లు ఈ దృశ్యాన్ని పరీక్షకు పెట్టారు. తూటా తగిలిన సిలిండర్ పేలిపోలేదు. చిల్లు పడి, అందులోంచి గాలి చిమ్ముతుంటే ఆ వేగానికి తనే పరుగులు తీసింది. ప్రొపేన్ ట్యాంకును పిస్తోలుతో కాల్చి చూసినప్పుడూ సినిమాలో కనిపించే పేలుడు రాలేదు.

ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు బండ లోపల ఏముందో చూడాలి.

మన వంటింటి ఎర్ర బండలో 14.2 కిలోల ఎల్‌పీజీ ఉంటుంది. ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం ఇది. పీడనం వల్ల లోపల చాలా భాగం ద్రవంగానే ఉంటుంది. బండ మొత్తం సామర్థ్యం దాదాపు 33 లీటర్లు. అందులో ఐదింట నాలుగు వంతులు ద్రవం, పైన మిగిలిన చోట ఆవిరి. లోపల గాలి అనేదే లేదు. గాలి లేని చోట ఆక్సిజన్ లేదు, ఆక్సిజన్ లేకపోతే మంట లేదు. కాబట్టి నిప్పులు కక్కే తూటా సరాసరి లోపలికి దూసుకుపోయినా అక్కడ అంటుకోవడానికి ఏమీ కుదరదు. ఎల్‌పీజీ గాలితో కలిసి, ఆ మిశ్రమంలో దాని వాటా సుమారు 1.8 శాతం నుంచి 9.5 శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది. అంతకంటే తక్కువైతే ఇంధనం చాలదు, ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు. అంటే మంట పుట్టేది బండలో కాదు, గ్యాస్ బయటికొచ్చి గాలితో కలిసిన చోట.

ఇంకో సంగతి. పిస్తోళ్లలో, రైఫిళ్లలో మామూలుగా వాడే తూటా సీసపు ముద్ద మీద రాగి తొడుగు. ఉక్కును తాకినప్పుడు సీసం, రాగి చితికి పరుచుకుంటాయే తప్ప చెప్పుకోదగ్గ నిప్పురవ్వలు రాల్చవు. ఉక్కు మొన ఉన్నవి, మండే మందు కూరినవి, వెలుగు చిమ్ముతూ దారి చూపే ట్రేసర్లు వేరు. అవి గ్యాస్‌ను అంటించగలవు. అంటించినా ఆ మంట చిల్లు బయటే ఉంటుంది.

సరే, మంట లేకపోయినా పీడనం సంగతేమిటి? బిగించి పెట్టిన గ్యాస్ కదా, చిల్లు పడగానే బుడగలా ఫట్‌మనదా? బుడగకు సూది గుచ్చితే ఫట్‌మంటుంది, సైకిల్ ట్యూబుకు ముల్లు గుచ్చుకుంటే బుస్సుమంటుంది. రెండింట్లోనూ ఉన్నది గాలే. తేడా అంతా గోడలో ఉంది. బుడగ గోడ అప్పటికే తెగేదాకా సాగి ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రం క్షణంలో చిరుగుగా మారి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతుంది. ట్యూబు గోడకు ఇంకా ఓపిక మిగిలి ఉంటుంది కాబట్టి రంధ్రం రంధ్రంగానే ఆగిపోతుంది.

గ్యాస్ బండ ఏ కోవకు చెందుతుందో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. ఎల్‌పీజీ పీడనం ఎండను బట్టి మారుతుంది. ఏడు బార్ అనుకుందాం, అంటే వాతావరణ పీడనానికి సుమారు ఏడు రెట్లు. గోడ మందం రెండున్నర మిల్లీమీటర్ల చిల్లర. ఈ లెక్కన గోడలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా నాలుగున్నర కిలోల లాగుడు పడుతుంది. ఆ ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యేది దాదాపు 24 కిలోల దగ్గర. పీపా గోడకు గుండ్రటి చిల్లు పడితే దాని అంచుల దగ్గర లాగుడు సుమారు రెండున్నర రెట్లవుతుందని ఇంజినీర్లకు తెలుసు. అలా పెరిగినా 11 కిలోల చిల్లరే. సగం కూడా కాదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న ఎల్‌పీజీ బండకు తూటా చిల్లు పడితే ఆ చిల్లు పెరగదు. గ్యాస్ బుస్సుమంటూ బయటికొస్తుంది, అంతే.

ఇక్కడ తూటా ఏ పాటిదో కూడా చూడాలి. 9 ఎం.ఎం. పిస్తోలు తూటా బరువు మామూలుగా ఎనిమిది గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. దాని శక్తి సుమారు 500 జౌళ్లు. దూరాన్ని, తగిలిన కోణాన్ని బట్టి బండ మీద అది సొట్టతో ఆగిపోవచ్చు, లేదా చిల్లు పెట్టవచ్చు. వాలుగా తగిలితే గుండ్రటి గోడ మీంచి జారి పక్కకు పోతుంది. అలా జారిన తూటా పక్కనున్న మనిషికి బండ కంటే పెద్ద ప్రమాదం. సైన్యాలు వాడే 7.62 ఎం.ఎం. రైఫిల్ తూటాల్లో బలమైన రకం శక్తి 3,300 జౌళ్ల పైమాటే. వంటగ్యాస్ బండ దానికి అడ్డే కాదు.

చిల్లు ఎక్కడ పడిందన్నది చాలా ముఖ్యం. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అందరూ మరిచిపోయే అంశం ఇదే. పైభాగంలో, ఆవిరి ఉన్న చోట 7.62 ఎం.ఎం. చిల్లు పడితే సెకనుకు వంద గ్రాముల లెక్కన గ్యాస్ పోతుంది. కానీ ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది బండ నుంచే లాక్కుంటుంది. బండ చల్లబడుతుంది, చల్లబడ్డ కొద్దీ పీడనం తగ్గుతుంది, లీకు మందగిస్తుంది. బండ ఒంటి మీద తెల్లటి మంచు పట్టడం మొదలవుతుంది. దగ్గరగా చూస్తే ఆ మంచు ఒక గీత దాకా వచ్చి ఆగుతుంది. లోపల ద్రవం ఎంతవరకు ఉందో ఆ గీతే చెబుతుంది. పెళ్లి వంటల దగ్గర పెద్ద పొయ్యికి ఏకధాటిగా గ్యాస్ లాగేటప్పుడు వంటవాళ్లు బండ మీద చెయ్యి పెట్టి చూసేది ఈ చల్లదనాన్నే.

అదే చిల్లు కింద, ద్రవం ఉన్న చోట పడితే కథ వేరు. ద్రవం ద్రవంగానే చిమ్ముతుంది. సెకనుకు ఏడు వందల గ్రాముల దాకా, అంటే ఆవిరి లీకుకు ఏడు రెట్లు. బయటికొచ్చిన ప్రతి లీటరు ద్రవమూ దాదాపు 250 లీటర్ల ఆవిరవుతుంది. పైగా తూటా ద్రవంలోంచి దూసుకుపోయేటప్పుడు తన వేగాన్ని ఆ ద్రవానికి అప్పగిస్తుంది. ఆ తోపుడు అలగా మారి అవతలి గోడను లోపలి నుంచి బాదుతుంది. యుద్ధ విమానాల ఇంధన ట్యాంకులను తయారుచేసేవాళ్లకు ఇది పాత తలనొప్పి. హైడ్రోడైనమిక్ రామ్ అంటారు. తూటా లోపలికి వెళ్లిన చిల్లు చిన్నదిగా, బయటికొచ్చిన చోటు పెద్దదిగా చిరిగి కనిపించడానికి ఇదొక కారణం.

నిండు బండలో ఉన్న గ్యాస్ మొత్తం ఆవిరైతే ఆరు ఘనమీటర్ల పైన ఉంటుంది. అది గాలిలో రెండు శాతంగా పరుచుకుంటే మూడు వందల ఘనమీటర్ల గాలి మండేందుకు సిద్ధమవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది సుమారు 28 ఘనమీటర్లు. ఒక్క బండ పది గదులకు సరిపోతుందన్నమాట. ఇక ఒకే గదిలో కాపురం, వంట, పడక అన్నీ నడిచే ఇళ్లలో సంగతి చెప్పనక్కర్లేదు. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు పవర్‌లూమ్ పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ మన నేత కుటుంబాలు ఎన్నో అలాంటి ఇళ్లలోనే ఉంటాయి. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కిటికీలోంచి పైకి పోదు. నేల మీద పాకుతుంది, మెట్లు దిగుతుంది, మురికికాల్వలో చేరుతుంది, నాలుగిళ్ల అవతల ఎవరో వెలిగించిన పొయ్యి దగ్గర అంటుకుని వచ్చిన దారినే వెనక్కి వస్తుంది.

సూరత్ ఆటోల్లో, బస్సుల్లో ఉండేది మాత్రం వేరే గ్యాస్. సీఎన్‌జీ, అంటే ప్రధానంగా మీథేన్. ఇది గాలి కంటే తేలిక, పైకి పోతుంది. సహజవాయువు ఈ ఊరికి కొత్త కాదు. సముద్రంలోని బసీన్ క్షేత్రం నుంచి వచ్చే గ్యాస్‌ను ఓఎన్‌జీసీ ఇక్కడి హజీరాలోనే శుద్ధి చేస్తుంది. హజీరా నుంచి మధ్యప్రదేశ్‌లోని విజయ్‌పూర్ మీదుగా జగదీశ్‌పూర్ వెళ్లే పెద్ద పైపులైన్ మొదలయ్యేది ఇక్కడే.

సీఎన్‌జీని వాహనంలో దాదాపు 200 బార్ దగ్గర నింపుతారు. వంటగ్యాస్‌కు ముప్పై రెట్ల పీడనం అది. 60 లీటర్ల కారు సిలిండర్‌లో, గ్యాస్ మండటం సంగతి పక్కనపెట్టి, కేవలం బిగించి పెట్టడం వల్ల నిలవున్న శక్తి పాతిక లక్షల జౌళ్లు దాటుతుంది. అరకిలో టీఎన్‌టీ శక్తితో పోల్చదగ్గది. దానికి తగిలే రైఫిల్ తూటా శక్తి అందులో దాదాపు ఏడు వందల యాభై వంతుల్లో ఒక వంతు మాత్రమే. కాబట్టి తూటా ఎంత బలమైందన్నది ప్రశ్నే కాదు. తూటా పెట్టిన గాయం ఆ గోడను చీల్చి, లోపలి శక్తినంతా ఒకేసారి వదిలిస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు ఊహకు వదిలిపెట్టలేదు. వాహనాల సీఎన్‌జీ సిలిండర్లకు ఐఎస్ఓ 11439 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో నమూనా సిలిండర్‌ను నిజంగానే కాల్చి చూసే పరీక్ష ఒకటి ఉంది. సిలిండర్‌ను గ్యాస్‌తో 200 బార్ దాకా నింపుతారు. కనీసం 7.62 ఎం.ఎం. వ్యాసం ఉన్న, కవచాన్ని ఛేదించే తూటాతో కొడతారు. తూటా కనీసం ఒక పక్క గోడనైనా పూర్తిగా చీల్చుకుని పోవాలి. సొట్టతో సరిపెట్టుకుంటే పరీక్ష జరిగినట్టు కాదు. అలా చిల్లు పడ్డ సిలిండర్ గ్యాస్‌ను వదిలేయవచ్చు గానీ ముక్కలుగా పగలకూడదు. పగిలితే ఆ డిజైన్ పనికిరాదు.

ఇందులో ఒక చిన్న నిబంధన నాకు చాలా నచ్చింది. మొత్తం ఉక్కుతో చేసిన సిలిండర్ కాకుండా పైన గాజు నార, కార్బన్ నార చుట్టిన రకాలైతే తూటాను సుమారు 45 డిగ్రీల వాలుగా కొట్టాలి. ఎందుకంటే చుట్టిన నారలో ప్రతి పోగూ పీడనంలో కొంత భారం మోస్తుంటుంది. నిలువుగా తగిలిన తూటా కొన్ని పోగులనే తెంపుతుంది, వాలుగా తగిలింది పొడవాటి గాటు పెట్టి ఇంకా ఎక్కువ పోగుల్ని తెంపుతుంది. తెగిన పోగుల భారం మిగతావి పంచుకోగలవా? పరీక్ష అడుగుతున్నది అదే. నాలుగు పోగులు తెగినా బట్ట నిలుస్తుందా అన్న లెక్క మగ్గం మీద కూర్చున్నవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

సిలిండర్లు యుద్ధానికి వెళ్లవు కదా, తూటా పరీక్ష ఎందుకు అనిపించవచ్చు. రోడ్డు ప్రమాదంలో ఇనుప చువ్వ గుచ్చుకోవచ్చు, చాసిస్ ముక్క పొడుచుకోవచ్చు. ఏ వేగంతో, ఏ కోణంలో అన్నది ప్రతిసారీ మారుతుంది. తూటా అయితే ప్రతిసారీ ఒకే బరువు, ఒకే వేగం. పదునైన వస్తువు హఠాత్తుగా దిగబడినప్పుడు లోహం ఎలా ప్రవర్తిస్తుందో తేల్చడానికి అది నమ్మకమైన కొలబద్ద. చీలే ముందే లీకవ్వాలి అన్నది పీడన పాత్రలు తయారుచేసేవాళ్లకు మొదటి సూత్రం. హజీరాలోని ఎల్ అండ్ టీ ప్రాంగణంలో రిఫైనరీలకు కావలసిన భారీ రియాక్టర్లు తయారవుతాయి. సైన్యానికి 100 కె-9 వజ్ర శతఘ్నులు తయారైందీ హజీరాలోనే. పీడనాన్ని బంధించే ఉక్కు, పీడనంతో గుండును విసిరే ఉక్కు రెండూ ఒకే చోట రూపుదిద్దుకున్నాయి.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని బట్టి ఏ సిలిండర్‌కు ఏం తగిలినా ఫర్వాలేదని మాత్రం అనుకోవద్దు. వెల్డింగ్ షాపుల్లో, ఆసుపత్రుల్లో నిలబెట్టి ఉండే, నల్లటి ఒళ్లున్న ఆక్సిజన్ సిలిండర్‌ను చూడండి. సుమారు 47 లీటర్ల పెద్ద సిలిండర్‌లో 150 బార్ పీడనం. గోడ మందం ఐదారు మిల్లీమీటర్లున్నా, ఆ గోడలో లాగుడు వంటగ్యాస్ బండకు ఆరేడు రెట్లు. మంచి ఉక్కు అయితే చిల్లు అంచుల దగ్గర కాస్త సాగి సర్దుకుంటుంది. అయితే లోపల తుప్పు తిన్నదైతే, పాత పగులు ఉన్నదైతే, ఎవరో గీటు పెట్టి వదిలేసినదైతే సర్దుకునే ఓపిక ఉండదు. అప్పుడు చిల్లు చీలికవుతుంది. సిలిండర్‌ను నీటితో నింపి పీడనం పెట్టి చూసే హైడ్రో టెస్ట్ అందుకే. సీఎన్‌జీ సిలిండర్‌కు మన దేశంలో మూడేళ్లకొకసారి అది తప్పనిసరి.

చీలకపోయినా ఇంకో ప్రమాదం ఉంది. 150 బార్ దగ్గర 7.62 ఎం.ఎం. చిల్లులోంచి దూకే గ్యాస్ వెనక్కి తోసే బలం లెక్కిస్తే 80, 90 కిలోల బరువుకు సమానం. ఖాళీ సిలిండర్ బరువు 55, 60 కిలోలు. అంటే చిల్లు పడ్డ సిలిండర్ పడిపోవచ్చు, గిరగిరా తిరగవచ్చు, జారుకుంటూ పోవచ్చు. వంటగ్యాస్ బండ మీద అదే చిల్లు తోపుడు నాలుగు కిలోలు కూడా ఉండదు, 30 కిలోల నిండు బండను కదపలేదు. కానీ ఆక్సిజన్ సిలిండర్‌కు అసలు గండం తూటా వల్ల కాదు, పైనున్న వాల్వు వల్ల. సిలిండర్ కింద పడి వాల్వు మెడ దగ్గర విరిగితే ఏర్పడే రంధ్రం రెండు సెంటీమీటర్ల పైనే ఉండొచ్చు. అప్పుడు తోపుడు ఏడు వందల కిలోలకు చేరుతుంది. అరవై కిలోల ఉక్కు దిమ్మెను ఏడు వందల కిలోల బలంతో తోస్తే ఇటుక గోడ ఆపలేదు. ఇందుకు తుపాకీ అక్కర్లేదు, గొలుసు కట్టకుండా గోడకు చేరేసిన సిలిండర్ చాలు. ఆక్సిజన్ తానుగా మండదు గానీ మండేదాన్ని విజృంభింపజేస్తుంది. సూరత్ మిల్లుల్లో గాలిలో తేలే నూలు దూది మీద, నూనె మరకల చొక్కా మీద ఆక్సిజన్ చిమ్మితే ఒక్క రవ్వకు భగ్గుమంటుంది. ఆక్సిజన్ వాల్వుకు నూనె, గ్రీజు తగలనివ్వకూడదని వెల్డర్లు చెప్పే మాట ప్రాణాలు కాపాడే మాట.

వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉండే మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండర్ కథ మరీ వింతైనది. ఎసిటిలీన్‌ను ఉత్తినే బిగించి నిల్వ చేయలేరు. పీడనం పెరిగితే దానంతటదే కార్బన్‌గా, హైడ్రోజన్‌గా విడిపోతూ వేడి పుట్టిస్తుంది. ఆక్సిజన్‌తో పనే లేదు. అందుకే సిలిండర్ నిండా రంధ్రాలున్న ఒక గట్టి పదార్థం పోసి, దాన్ని ఎసిటోన్‌తో తడిపి, అందులో ఎసిటిలీన్‌ను కరిగిస్తారు. మంటల్లో చిక్కుకుని వేడెక్కిన ఎసిటిలీన్ సిలిండర్‌లో ఈ విడిపోవడం మొదలైతే, బయట మంట ఆరిపోయాక కూడా లోపల సాగుతూనే ఉంటుంది. గంటల తర్వాత పేలవచ్చు. దగ్గరికి వెళ్లి తాకి చూసే ధైర్యం ఎవరికుంటుంది?

స్వీడన్‌లో ఇందుకు కనిపెట్టిన మార్గం సినిమాలు నేర్పిన పాఠానికి పూర్తిగా ఎదురు. శిక్షణ పొందిన షూటర్ దూరంగా, రక్షణ ఉన్న చోటు నుంచి రైఫిల్‌తో ఆ సిలిండర్‌కు చిల్లులు పెడతాడు. చిల్లుల్లోంచి గ్యాస్ బయటికొచ్చి అక్కడే మండిపోతుంది, పీడనం దిగిపోతుంది, ఇక పేలడానికి ఏమీ మిగలదు. జర్మనీలోనూ పోలీసు షూటర్లు ఇలా చేసిన సందర్భాలున్నాయి. ఏ తూటా తగిలితే సిలిండర్ పేలుతుందని మనం నమ్ముతున్నామో, అదే తూటాతో అక్కడ పేలుడును ఆపుతున్నారు. ఇది నిపుణులు చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించి, లెక్కలు చూసుకుని చేసే పని. ఇంకెవరూ తలపెట్టాల్సింది కాదు.

ఇప్పుడు ఓల్పాడ్ ట్రక్కు దగ్గరికి వద్దాం. తూటా చేయలేని పని మంట ఎలా చేసింది? మంటలో పడ్డ బండకు రెండు వైపులా దెబ్బ. లోపల ద్రవం వేడెక్కి పీడనం పెరుగుతూ పోతుంది. బయట ఉక్కు మెత్తబడుతూ పోతుంది. ద్రవం తాకుతున్న గోడ నుంచి వేడిని ద్రవం లాక్కుంటుంది కాబట్టి అది కొంతసేపు నిలుస్తుంది. పైన ఆవిరి మాత్రమే తాకే గోడకు ఆ ఆసరా లేదు. 500, 600 డిగ్రీలకు చేరేసరికి ఉక్కు బలంలో సగానికి సగం పోతుంది. పెరిగే పీడనం, తగ్గే బలం ఒక చోట కలుసుకుంటాయి. గోడ ఉబ్బి, పలచబడి, నిలువునా చీలుతుంది. అప్పటికే బాగా కాగి ఉన్న ద్రవం మీద పీడనం ఒక్కసారిగా పోవడంతో అందులో చాలా భాగం ఒకేసారి మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి చుట్టూ ఉన్న మంటకు అంటుకుని అగ్నిగోళమవుతుంది. ఇంజినీర్లు దీన్ని బ్లెవీ అంటారు. తూటా ఒక చోట గాయం చేస్తుంది, మంట గోడనే మార్చేస్తుంది. వెయ్యి తూటాలకు లేని శక్తి మంటకు ఉన్నది ఇందుకే. సీఎన్‌జీ సిలిండర్ వాల్వులో వేడికి కరిగే బిరడా పెట్టేదీ, ఆ సిలిండర్లను మంట మీద పెట్టి పరీక్షించేదీ ఇందుకే.

మంట కంటే ముందు వచ్చేది లీకు. మన తెలుగు నేల మీద దీనికి తిరుగులేని సాక్ష్యం ఉంది. 1997 సెప్టెంబర్ 14న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై మేఘంలా పరుచుకుంది. దానికి నిప్పు తగిలాక 60 మంది దాకా చనిపోయారు. 2024 డిసెంబర్ 20న జైపూర్ శివార్లలోని భాంక్‌రోటా దగ్గర ఎల్‌పీజీ ట్యాంకర్‌ను మరో వాహనం ఢీకొంటే వాల్వులు విరిగి గ్యాస్ రోడ్డంతా కమ్మింది. నిప్పంటుకుని పదుల వాహనాలు కాలిపోయాయి. రెండు చోట్లా కథ ఒకటే. గ్యాస్ బయటికొచ్చింది, గాలితో కలిసింది, నిప్పు దొరికింది.

ఇంట్లో బండ ఉన్న ప్రతివాళ్లకూ నేను చెప్పదలచుకున్నది కూడా ఈ లీకు గురించే. కొత్త బండ రాగానే పిడి కింద నిలువు పట్టీల లోపలి వైపు చూడండి. ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. మళ్లీ పరీక్షకు వెళ్లాల్సిన గడువు అది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. గడువు దాటిన బండను తీసుకోకండి. బండను ఎప్పుడూ నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే వాల్వు దగ్గరికి ద్రవం వచ్చేస్తుంది. వెల్డింగ్ పని చేసేవాళ్లు సిలిండర్‌కు గొలుసు కట్టకుండా, మూత బిగించకుండా కదపకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆపనూ ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు తీసి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేయండి. బయటికొచ్చాకే ఫోన్ తీయండి. వంటగ్యాస్ లీకుకు దేశమంతటా నంబరు 1906, అగ్నిమాపక దళానికి 101. మంటల్లో చిక్కుకున్న బండను మాత్రం మీరు లాగే ప్రయత్నం చేయకండి, వీలైనంత దూరం వెళ్లండి.